వెండి పతకములు – ఇత్తడి బిళ్ల

కొందరు తపాలా బిళ్లలను సేకరింతురు. కొందరు ప్రాచీన నాణెములను కూడబెట్టుదురు. నాకు గనుల చిత్రములు గల వెండి పతకములను సేకరించు అలవాటు కలదు.

ఒకనాడు వరంగల్లు చౌరస్తాలోని ఒక వెండి దుకాణమున, కరగించుటకు ఉంచిన పాత వెండిలో ఒక పతకము నా కంటబడెను. దానిపై రెండు సుత్తెలును, వాని క్రింద గని దీపమును చెక్కబడి యుండెను. తూకపు వెల యిచ్చి దానిని కొంటిని. గనులపై నాకు ఆసక్తి కలుగుట వింత కాదు. 1871లో డాక్టరు కింగు బొగ్గును కనుగొనిన ఇల్లెందు ప్రాంతము 1953 వరకు మా వరంగల్లు జిల్లాలోనిదే. ఆ గనులనుండియే 1920లో సింగరేణి సంస్థ రూపొందినది.

క్రమముగా నా పెట్టెలో పదునాలుగు పతకములు చేరినవి. వానిలో జర్మనీ దేశపు పాత నాణెమునకు నకలు ఒకటి కలదు. 17వ శతాబ్దమున హార్జ్ పర్వత ప్రాంతపు ప్రభువులు తమ గనులలో దొరకిన వెండితోనే పెద్ద నాణెములు ముద్రింపించిరి. కొండ కడుపున త్రవ్వుచున్న పనివారు, యంత్రమును త్రిప్పుచున్న గుర్రములు వానిపై కానవచ్చును. నేను దీనిని అందరికిని గర్వముతో చూపుచుండెడివాడను.

ఒక పండుగనాడు మా మేనమామకును చూపితిని. ఆయన చిరకాలము బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్నవాడు. అన్నిటిని ఓపికగా చూచి, తన సంచినుండి అరిగిపోయిన ఇత్తడి బిళ్ల నొకదానిని తీసెను. దానిపై 412 అను అంకె తప్ప మరేమియు లేదు.

"అల్లుడా! గనిలోనికి దిగునపుడు ఈ బిళ్ల నిచ్చి దీపము తీసుకొందుము. పైకి వచ్చి దీపము నిచ్చి బిళ్ల తీసుకొందుము. మేకులకు ఎన్ని బిళ్లలు వ్రేలాడుచుండునో, అందరు మనుష్యులు లోపల నున్నట్లు లెక్క. ఒక రాత్రి పైకప్పు కొంత కూలి నేను ఆవల చిక్కుకొంటిని. నా కేక యెవరికిని వినబడలేదు. తక్కినవారందరు ఇండ్లకు పోయిరి. మేకునకు ఈ ఒక్క బిళ్ల మిగిలినది. దీపముల గుమాస్తా దీనిని చూచి మనుష్యులను పంపెను. తెల్లవారుసరికి నన్ను పైకి తెచ్చిరి. అంతవరకు మీ అత్త గని వాకిటనే కూర్చుండెనట!"

నేను మారుపలుకలేకపోతిని. నా పతకములపై గని పనివారు కలరు గాని, వారిలో ఒక్కని పేరైనను నేనెరుగను. ఎన్నడును తెలిసికొనవలెనని కూడ తలపలేదు.

వెళ్లునపుడు మామయ్య ఆ బిళ్లను నా పెట్టెలో నుంచి పోయెను. ఇప్పుడు ఎవరైనను నా పతకములను చూడవచ్చినచో, మొదట ఆ ఇత్తడి బిళ్లనే వారి చేతికిచ్చి, దాని కథ చెప్పుచున్నాను.