కారు మార్చాలా, వద్దా?

2023 ఎండాకాలమంతా మా ఇంట్లో ఒకే చర్చ నడిచింది. పాత కారు ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవాలా, వద్దా? కుటుంబ పత్రికలో కారు గూర్చి రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఆ చర్చలో కారు సంగతులకంటే మా సంగతులే ఎక్కువగా బయటపడ్డాయి. అందుకే రాస్తున్నాము.

మాది చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య ఒక పల్లె. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి పంటలు. అబ్బాయి వాళ్ల నాన్న బడిపంతులుగా, వాళ్లమ్మ నర్సుగా పనిచేసి రిటైరయ్యాము. ఐదెకరాల సొంత చేను ఉంది. 2015లో రిటైర్మెంటు డబ్బు చేతికొచ్చినప్పుడు, గుంటూరులో ఒక డాక్టరుగారు వాడుకున్న 2010 మోడల్ టయోటా కరోలా ఆల్టిస్ కొన్నాము. కొత్తగా ఉన్నప్పుడు అది మాబోటి వాళ్లం కన్నెత్తి చూడగల బండి కాదు. అయిదేళ్లు వాడినది గనుక మా తాహతుకు అందింది.

కరోలా అనే పేరు జపానులో 1966లో పుట్టింది. మన దేశానికి 2003లో వచ్చింది, ఆల్టిస్ అనే పేరుతో 2008లో మళ్లీ వచ్చింది, 2020లో ఇక్కడ అమ్మకం ఆగిపోయింది. 2021 నాటికి ప్రపంచమంతటా ఆ పేరుతో అయిదు కోట్ల కార్లు అమ్ముడుపోయాయంటే దాని మీద జనానికున్న నమ్మకం ఎలాంటిదో తెలుస్తుంది. మాది 1.8 లీటర్ల పెట్రోలు బండి. వేళకు ఆయిలు మార్పించడం తప్ప ఎనిమిదేళ్లలో అది మమ్మల్ని అడిగింది చాలా తక్కువ. నడిరోడ్డు మీద ఒక్కనాడు కూడా నిలబెట్టలేదు.

దానిలో ఒక విశేషముంది. చాలా కార్లలో వెనుక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట, నేల మధ్యలో గట్టులాగా లేచి ఉంటుంది. దీనిలో ఆ గట్టు దాదాపు లేదు, నేల చదునుగా ఉంటుంది. ఆదివారం నడవలేని ముసలమ్మలు ముగ్గురు వెనుక కూర్చుంటే, మధ్యలో ఉన్నావిడ కూడా కాళ్లు చాపుకుని కూర్చునేది. కొన్న కొత్తలో మేము దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. దాని విలువ 2021లో ఒక రాత్రి తెలిసింది.

ఆ సంవత్సరం మిర్చి చేలమీద నల్లతామర పురుగు పడింది. గుంటూరు, ప్రకాశం రైతులెవరూ ఆ ఏడు మరచిపోరు. పురుగు పూతలో చేరి రసం పీల్చేస్తే పూత రాలిపోయి కాయ నిలవలేదు. ఏ మందుకూ లొంగకపోతే రైతులు రెండు మూడు మందులు కలిపి రోజు విడిచి రోజు కొట్టారు. మా చేలో పనిచేసే ఒక సహోదరుడు మూతికి గుడ్డయినా లేకుండా పొద్దుగూకేదాకా పిచికారి చేసి, ఇంటికి వచ్చి పడిపోయాడు. ఒళ్లంతా చెమట, నోట చొంగ, కనుపాపలు సూదిమొనలంత అయ్యాయి. వాళ్లమ్మ చూడగానే ఇది మందు విషమని గుర్తుపట్టింది. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, కారు వెనుక సీటులో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాము. అతని భార్య కింద చదును నేలమీద కూర్చుని అతని తల జారిపోకుండా పట్టుకుంది. చిలకలూరిపేటలో మొదటి వైద్యం చేయించి గుంటూరు తీసుకుపోయాము. అట్రోపిన్ ఇంజక్షన్లతో అతను దక్కాడు. ఇంటినుంచి పట్టుకెళ్లిన మందు డబ్బా చూపించడంవల్ల, ఏ మందు ఒంట్లోకి పోయిందో డాక్టర్లకు వెంటనే తెలిసింది. పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకున్నా మేలే. అలాంటి వేళ మనిషితోపాటు డబ్బా కూడా తీసుకెళ్లాలి.

తర్వాతి పంట చేతికి వచ్చేసరికి ధర పెరిగింది. 2023లో గుంటూరు మిర్చి యార్డులో మంచి రకాలు క్వింటా ఇరవై వేలు దాటాయి. మా టిక్కీలకూ మంచి ధరే పలికింది. కూలీలు, ఎరువులు, పాత బాకీలు పోగా ఆరున్నర లక్షలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సెలవుమీద వచ్చాడు.

"నాన్నా, ఈ బండికి పదమూడేళ్లు నిండాయి. ఇది మార్చేద్దాం" అన్నాడు.

వాడి మనసు ఫోక్స్‌వ్యాగన్ విర్టస్ జీటీ మీద ఉంది. ఇంజను 1.5 లీటర్లే గాని టర్బో ఉండడంవల్ల నూటయాభై గుర్రాల బలం. టర్బో అంటే ఏమిటో వాడే మాకు విడమరచి చెప్పాడు. ఇంజనునుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంజనులోకి ఎక్కువ గాలిని నెడుతుంది. కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు రాజుకున్నట్లే, ఎక్కువ గాలి అందితే ఎక్కువ పెట్రోలు మండి బలం పుడుతుంది.

గుంటూరు వెళ్లి చూశాము. వాళ్ల నాన్న కాజ టోల్‌గేటు దిశగా కొంతదూరం నడిపాడు. ఉన్నమాట చెప్పాలి. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయన ముఖాన అంత సంతోషం మేము ఈమధ్య చూడలేదు. కాలు ఆనించీ ఆనించకముందే బండి ముందుకు దూకుతోంది. మలుపులో ఒరగడం లేదు, రోడ్డుకు అతుక్కున్నట్లే పోతోంది. మా పాతది పరుపులాగా మెత్తగా పోతుంది. ఇది పొగరున్న గిత్తలాగా పోతోంది.

వెనుక కూర్చున్న వాళ్లమ్మ మాత్రం మధ్యకు జరిగి చూసింది. అక్కడ నేల ఎత్తుగా ఉంది, మోకాళ్లు పైకి లేచాయి. అమ్మే కుర్రవాడు నవ్వుతూ, "అమ్మా, ఇది నడిపేవాళ్లకోసం చేసిన బండి" అన్నాడు. అతను మాటవరసకు అన్నాడు. కాని ఆ మాట మాతోపాటు ఇంటికి వచ్చింది.

లెక్క వేసుకున్నాము. పన్నులన్నీ కలిపి ఇరవై రెండు లక్షలు. పాత బండికి రెండున్నర లక్షలు ఇస్తామన్నారు. మిర్చి డబ్బంతా పోసినా పదమూడు లక్షల అప్పు, అయిదేళ్లపాటు నెలకు ఇరవై ఏడు వేలు. అబ్బాయి తాను కడతానన్నాడు. కాని వాడికింకా పెండ్లి కావలసి ఉంది.

అప్పు ఒక్కటే అయితే తేల్చడం తేలికే. పాత బండే మేలని మేము వాదించినకొద్దీ వాడి ముఖం చిన్నబోయింది. వాడికి స్నేహితుల ముందు గొప్పకు పోవాలని ఉందని మేము మనసులో తీర్పు తీర్చుకున్నాము. ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాట పైకి అనేశాము కూడా. వాడు కంచం ముందునుంచి లేచిపోయాడు. రాత్రి వచ్చి వాళ్లమ్మ మంచం దగ్గర కూర్చుని ఇలా అన్నాడు:

"అమ్మా, నాన్నకు చూపు తగ్గింది. రాత్రిళ్లు ఎవరు పిలిచినా హైవే మీదికి బయల్దేరతాడు. ఆ బండిలో రెండే ఎయిర్‌బ్యాగులు. కొత్తదాంట్లో ఆరు. ఈ ఏప్రిల్‌లో జరిపిన పరీక్షలో దానికి అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఊరికి మీరు కావాలి, నిజమే. నాకు మాత్రం మీరు అక్కర్లేదా?"

మేమిద్దరం ఆ రాత్రి నిద్రపోలేదు. కొడుకు అడిగింది వేగమని అనుకున్నాము. వాడు అడిగింది మా ప్రాణాలు.

కారు అమ్ముతున్నామన్న సంగతి ఊళ్లో పాకింది. మందు విషం తగిలిన ఆ సహోదరుని భార్య ఒక సాయంత్రం ఇంటికి వచ్చింది. అమ్మవద్దని బతిమాలుతుందేమో అనుకున్నాము. ఆమె అలా అనలేదు. "మంచి బండి కొనుక్కోండి అక్కా. మీరు మాత్రం ఎన్నాళ్లు ఆ పాతదాంట్లో తిరుగుతారు?" అంది. వెళ్లబోతూ గడపలో ఆగి, "కొత్తదాంట్లో మనిషిని పడుకోబెట్టడానికి వీలుంటదా అక్కా?" అని అడిగింది.

ఆమె వెళ్లాక మాకు మరొక సంగతి కూడా తెలిసివచ్చింది. ఊరికోసమే ఈ బండి ఉంచుతున్నామని మేము చెప్పుకోవడంలో కొంత మా గొప్ప కూడా ఉంది. ఆపద వస్తే మా గుమ్మానికే రావాలని, ఆ తాళంచెవి మా చేతిలోనే ఉండాలని మాలో ఒక కోరిక. 108 బండి మన రాష్ట్రంలో 2005నుంచీ తిరుగుతూనే ఉంది. మేము లేకపోతే ఊరు ఆగిపోదు. అబ్బాయికి వేగం మీద ఆశ ఉంటే, మాకు మంచి పేరు మీద ఆశ ఉంది. ఏది తక్కువ ఆశ?

చివరికి ముగ్గురం కూర్చుని తేల్చుకున్నాము. పాత బండిని ఉంచాము, కాని ఉన్నది ఉన్నట్లు ఉంచలేదు. నాలుగు టైర్లు, షాకబ్జార్బర్లు, అరిగిన బుష్షులు, బ్రేకు సామానులు మార్పించాము. వెనుక సీటు బెల్టులు లోపలికి కూరుకుపోయి ఉంటే బయటికి తీయించాము. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఎంతో ఖరీదైన కారులో వెనుక కూర్చుని, బెల్టు లేక ప్రాణం పోగొట్టుకున్న సంగతి అందరికీ తెలిసినదే. ముసలమ్మలు ఎంత గొణిగినా బెల్టు పెట్టుకోనిదే బండి కదలదని నియమం పెట్టుకున్నాము. వాళ్ల నాన్న కంటికి శుక్లం ఆపరేషను చేయించుకున్నాడు. రాత్రిపూట నడపడం మానేశాడు. తాళంచెవి రెండోది సంఘంలో లైసెన్సు ఉన్న ఒక యువకుని దగ్గర పెట్టాము. ఆపద వేళ ముందు 108కి ఫోను చేసి, అది దగ్గరలో లేకపోతేనే బండి తీయాలనుకున్నాము. తాళంచెవి అప్పగించడమే మాకు అన్నిటికంటే కష్టమనిపించింది.

మాది ముందుచూపని ఎవరూ అనుకోవద్దు. ధర పడిపోతుందని మాకూ తెలియదు. 2025 మొదట్లో మిర్చి ధర ఎంతగా పడిందంటే, కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని ఫిబ్రవరిలో క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడు నెలకు ఇరవై ఏడు వేల వాయిదా మా మెడమీద ఉండి ఉంటే ఎలా ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పాత బండి ఉంచుకోవడం ఖర్చు లేని పని కాదని కూడా చెప్పాలి. 2025లో దానికి పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి, రుసుము కట్టి, మరో అయిదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాము. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. అంత పాత బళ్లు దానికోసం తయారైనవి కావు. మైలేజీ కొంత తగ్గింది. రబ్బరు గొట్టాలు మెకానిక్కుకు చూపించుకుంటూ ఉన్నాము. ఏదో ఒకనాడు ఇదీ సెలవు తీసుకుంటుంది.

ప్రియమైన పాఠకులారా, కొత్తది కొనడం తప్పని మేము చెప్పడం లేదు. మీ ఇంట్లో అది ట్రాక్టరు కావచ్చు, మోటారు సైకిలు కావచ్చు. మార్చాలనుకున్నప్పుడు నడిపేవారిని మాత్రమే కాక వెనుక కూర్చునేవారిని కూడా అడగండి. మరీ ముఖ్యంగా, అది కావాలనే పిల్లవాడు నిజంగా ఏమి అడుగుతున్నాడో తొందరపడి తీర్పు తీర్చకుండా వినండి.

2025 సెప్టెంబరు 22నుంచి కార్ల పన్ను తగ్గింది. అక్టోబరులో మా అబ్బాయి తాను కోరుకున్న బండినే, తన జీతంతో, తన పేరుమీద కొనుక్కుని ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్న దాన్ని పగటిపూట మార్టూరు దాకా నడిపి, పసివాడిలా నవ్వుతూ తిరిగివచ్చాడు. ఆ ఆదివారం ఉదయం రెండు బళ్లూ వాకిట్లో ఉన్నాయి. ముసలమ్మలు ముగ్గురూ కర్రలు పట్టుకుని వచ్చి, ఎర్రగా మెరిసే కొత్తదాన్ని చేత్తో తడిమి చూసి, పాతదాని వెనుక తలుపు దగ్గర నిలబడ్డారు. అబ్బాయి తన తాళంచెవి జేబులో వేసుకుని, పాత బండి తాళంచెవి కొరకు చెయ్యి చాపాడు.

"బెల్టులు పెట్టుకోండి మామ్మా" అన్నాడు.