వాల్వు యాంప్లిఫయరుకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంపిక

వాల్వు దగ్గర సంగీతం ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు రూపంలో ఉంటుంది. స్పీకరుకు తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు కావాలి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఈ మార్పు చేస్తుంది. దాని ఇనుము, రాగి నాసిరకమైతే ఎంత పేరున్న వాల్వు పెట్టినా ఆ గొప్ప స్పీకరు దాకా రాదు. సొంతంగా యాంప్లిఫయరు కట్టుకునేవాళ్లు డబ్బూ శ్రద్ధా ముందుగా పెట్టవలసింది దీనిమీదే. విదేశంలో ఉంటూ తిరుపతిలోనో చిత్తూరులోనో సొంత ఇంటికోసం యాంప్లిఫయరు కట్టేవాళ్లకు ఈ ఎంపిక మరీ ముఖ్యం. వాల్వు పాడైతే మార్చడం క్షణంలో పని, ట్రాన్స్‌ఫార్మరు మార్చాలంటే యాంప్లిఫయరంతా విప్పాలి.

ఎంపిక వాల్వుతో మొదలవుతుంది. 1954లో స్థాపించిన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు తయారుచేసిన ఇఎల్84 మన ప్రాంతంలో పాత సామాన్ల మధ్య ఇప్పటికీ కనబడుతుంది. ఒక్క ఇఎల్84తో సింగిల్ ఎండెడ్ యాంప్లిఫయరు కడితే 250 వోల్టుల దగ్గర 5,200 ఓముల లోడుకు 5.7 వాట్లు వస్తాయి. ఒక మాదిరి గదిలో కీర్తనలు వినడానికి ఇవి బాగా సరిపోతాయి. రెండు ఇఎల్84లతో పుష్‌పుల్ కడితే ప్లేటుకూ ప్లేటుకూ మధ్య 8,000 ఓములు, సింగిల్ ఎండెడ్‌లో ఒక్క 300బి అనే ట్రయోడు వాల్వుకు సుమారు 2,500 నుంచి 3,500 ఓములు కావాలి. వాల్వు తయారీదారు ఇచ్చిన పట్టికలో ఈ అంకె చూసుకున్న తరువాతే ట్రాన్స్‌ఫార్మరు వెతకాలి.

ట్రాన్స్‌ఫార్మరుకు తనదంటూ ఓముల విలువ లేదు. చుట్ల నిష్పత్తిని వర్గం చేసి స్పీకరు ఓములతో గుణిస్తే వాల్వుకు కనిపించే లోడు వస్తుంది. నిష్పత్తి 25కు 1 అయితే వర్గం 625, 8 ఓముల స్పీకరుతో లోడు 5,000 ఓములు. అదే తీగలకు 4 ఓముల స్పీకరు తగిలిస్తే 2,500కు పడిపోతుంది. పేరూ లేబులూ లేని పాత ట్రాన్స్‌ఫార్మరు దొరికినా ఈ లెక్కతో గుర్తుపట్టవచ్చు. ప్రైమరీకి 6.3 వోల్టుల ఏసీ ఇచ్చి, సెకండరీ దగ్గర మీటరు పెట్టాలి. 0.25 వోల్టులు చూపితే నిష్పత్తి 25 అన్నమాట.

తరువాత చూడవలసింది డీసీ కరెంటు. సింగిల్ ఎండెడ్‌లో వాల్వు కరెంటంతా, ఇఎల్84కైతే 48 మిల్లీఆంపియర్లు, ఎప్పుడూ ప్రైమరీ గుండానే పోతుంది. ఆ కరెంటుకు కోరు అయస్కాంతపరంగా నిండిపోకుండా మధ్యలో గ్యాప్ ఉంచాలి. ఇందుకోసం కోరులోని ఇ ఆకారపు ఇనుప రేకులు, అంటే స్టాంపింగులన్నీ ఒక వైపు, ఐ ఆకారపువన్నీ ఇంకో వైపు పేర్చి, నడుమ పలుచని కాగితం పెడతారు. పుష్‌పుల్‌లో రెండు వాల్వుల కరెంట్లూ ఎదురెదురు దిశల్లో పోయి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక గ్యాప్ అక్కర్లేదు, స్టాంపింగులను అటొకటి ఇటొకటిగా అల్లుతారు. అందుకే పుష్‌పుల్ ట్రాన్స్‌ఫార్మరును సింగిల్ ఎండెడ్‌కు వాడకూడదు. పుష్‌పుల్‌లో కూడా రెండు వాల్వుల కరెంట్లు సమానంగా ఉండాలి. టొరాయిడల్ కోరైతే కొద్ది తేడాను కూడా తట్టుకోదు.

మృదంగం ఎడమ వైపు మోత నిండుగా వినబడాలంటే ప్రైమరీ ఇండక్టెన్సు చాలినంత ఉండాలి. ఎంత చాలు అనేది వాల్వును బట్టి మారుతుంది. 300బి లోపలి నిరోధం 700 ఓములే. 3,000 ఓముల లోడుతో, 15 హెన్రీల ప్రైమరీతో అది 6 హెర్ట్జ్ దాకా దిగుతుంది. పెంటోడుగా వాడిన ఇఎల్84 లోపలి నిరోధం 38,000 ఓములు. అవే 15 హెన్రీలతో దాని ధ్వని 48 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలుపెడుతుంది. ఫీడ్‌బ్యాక్ ఇస్తే కొంత సర్దుకుంటుంది గానీ, పెంటోడుకు ఇండక్టెన్సు ఎక్కువున్న ట్రాన్స్‌ఫార్మరు కొనడమే మేలు. 1947లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో విలియమ్సన్ తన ప్రసిద్ధ యాంప్లిఫయరు ప్రకటించినప్పుడు ప్రైమరీకి కనీసం 100 హెన్రీలు ఉండాలన్నాడు.

తంబుర జీవ, నాదస్వరం పదును పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి. వాటిని మింగేసేవి లీకేజీ ఇండక్టెన్సు, చుట్ల మధ్య కెపాసిటెన్సు. విలియమ్సన్ లీకేజీకి పెట్టిన హద్దు 30 మిల్లీహెన్రీలు. ప్రైమరీ అంతా ఒకేసారి చుట్టి దానిపై సెకండరీ వేస్తే లీకేజీ పెరుగుతుంది. రెంటినీ భాగాలు చేసి పొరలు పొరలుగా మార్చి చుడితే తగ్గుతుంది. అయితే భాగాలు పెరిగేకొద్దీ కెపాసిటెన్సు పెరుగుతుంది. ఈ రెండింటినీ సమతూకంలో నిలపడమే వైండింగు పనితనం.

వాట్ల అంకెను విడిగా నమ్మకూడదు, అది ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర చెప్పిందో అడగాలి. ఫ్రీక్వెన్సీ సగమైతే కోరు మోయగల శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. 40 హెర్ట్జ్ దగ్గర 20 వాట్లు మోసేది 20 హెర్ట్జ్ దగ్గర 5 వాట్లే మోస్తుంది. ఒకే వాట్లు రాసి ఉన్న రెండిట్లో బరువైనదాన్ని ఎంచుకోమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఇక ఎక్కడ దొరుకుతాయన్నది. గుడి మైకుల హారన్లతో వచ్చే 100 వోల్టుల లైన్ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్లు చవక. వాటి 2.5 వాట్ల తీగ 4,000 ఓములకు, 1.25 వాట్ల తీగ 8,000 ఓములకు సమానం. ప్రయోగానికి పనికొస్తాయి గానీ వాటిలో గ్యాప్ ఉండదు, మాటలు వినిపించడానికి చేసినవి కనుక సంగీతానికి చాలవు. చిత్తూరు, పలమనేరు వైపు బోరు మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్లది చక్కటి పనితనం. కానీ మోటారుకు 50 హెర్ట్జ్ ఒక్కటే లెక్క, ఇక్కడ 30 నుంచి 15,000 హెర్ట్జ్ దాకా నడవాలి. కాబట్టి ఎవరిచేత చుట్టించినా ప్రైమరీ, సెకండరీ ఓములు, డీసీ కరెంటు, వాట్లు, కనిష్ఠ ఫ్రీక్వెన్సీ, ఎన్ని భాగాలుగా చుట్టాలన్నది కాగితం మీద రాసివ్వాలి. స్టాంపింగులు, బాబిన్లు, ఎనామిల్ తీగ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగళూరు ఎస్.పి. రోడ్డుకో ఉదయం వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు.

అమెరికాలో ఉన్నవాళ్లకు కెనడాలోని హామండ్, న్యూమెక్సికోలోని ఎడ్‌కోర్, యూరప్‌లో ఉన్నవాళ్లకు స్వీడన్‌లోని లుండాల్ అందుబాటులో ఉన్నాయి. సింగిల్ ఎండెడ్‌కు హామండ్ 1628ఎస్ఇఎ 5,000 ఓములు, 300బి కోసం 1627ఎస్ఇఎ 2,500 ఓములు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు అందేది సంగీతమే కనుక అక్కడ కొన్నది ఇక్కడా అలాగే పనిచేస్తుంది. పవర్ ట్రాన్స్‌ఫార్మరు సంగతి వేరు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసినదాన్ని స్టెప్‌డౌన్ పెట్టి మన 50 హెర్ట్జ్ మీద నడిపితే కోరులో ఫ్లక్స్ 20 శాతం పెరిగి వేడెక్కుతుంది. ఊరికి తేదలచుకున్న యాంప్లిఫయరుకు 230 వోల్టులు, 50 హెర్ట్జ్ రెండూ రాసి ఉన్నదే కొనాలి.

బిగించేటప్పుడు పవర్ ట్రాన్స్‌ఫార్మరు కోరుకు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కోరు అడ్డంగా ఉండాలి. సరైన చోటు కనుక్కోవడానికి పవర్ ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రమే కరెంటిచ్చి, రెండోదాని సెకండరీకి హెడ్‌ఫోన్లు తగిలించి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ గుంయ్‌మనే హమ్ అతి తక్కువగా వినబడిన చోట గుర్తుపెట్టుకోవాలి. స్పీకరు తగిలించకుండా యాంప్లిఫయరు నడపకూడదు. లోడు లేకపోతే ప్రైమరీలో వోల్టేజీ విపరీతంగా పెరిగి ఇన్సులేషన్ కాలిపోతుంది. ప్రైమరీ మీద ఎప్పుడూ 250 నుంచి 400 వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపిన తరువాత కూడా కెపాసిటర్లు డిశ్చార్జి అయ్యాయని మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి.