వెలుగు పడితే నల్లబడే అద్దం

పాత కార్లలో డ్రైవరు ముందు, కాస్త ఎడమగా వేలాడే అద్దం కింద ఓ చిన్న మీట ఉంటుంది. అదెందుకో చాలామంది పట్టించుకోరు. రాత్రిపూట వెనక లారీ హెడ్‌లైట్లు కళ్లలో కొడుతుంటే ఆ మీటను ఇటు లాగితే చాలు, అద్దంలో వెలుగు చప్పున తగ్గిపోతుంది. కిటుకంతా గాజు ఆకారంలోనే ఉంది. దాని ముందు తలం, వెనక తలం సమాంతరంగా ఉండవు. పగలు మనకు కనిపించేది వెనక పూత మీది ప్రతిబింబం. మీట లాగితే ఆ వెలుగంతా కారు పైకప్పు వైపు వెళ్లిపోతుంది. ముందు తలం మీంచి తిరిగొచ్చే సుమారు నాలుగు శాతం వెలుగే కంటికి చేరుతుంది. వైరు లేదు, కరెంటు లేదు!

బందరులో ఉండే ఓ రిటైర్డ్ ఫిజికల్ సైన్సు మాస్టారికి ఇదంతా తెలుసు. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు కాంతి పాఠం చెప్పినాయన. కానీ ఆయన 2004 మోడల్ మారుతి 800లో ఆ మీట విరిగిపోయి చాలాకాలమైంది. దాంతో చీకటి పడితే అద్దాన్ని ఏకంగా పైకి తిప్పేసేవారు. కళ్లకు బాధ తప్పేది, వెనక ఏం వస్తోందో తెలియడమూ తప్పిపోయేది. పైగా ఆ కారుకు ఎడమవైపు అద్దమే లేదు. అప్పట్లో చాలా మారుతి 800లకు కుడివైపు ఒక్కటే ఇచ్చేవారు మరి.

కూతురుండేది విజయవాడలో. మనవరాలితో ఆడుకుని బయల్దేరేసరికి ఎప్పుడూ ఆలస్యమే. బందరు రోడ్డు మీద డెబ్బై కిలోమీటర్ల ప్రయాణం. ఓ రాత్రి ఉయ్యూరు దాటాక మాస్టారు కారును ఎడమకు తీయబోతుంటే పక్కనున్న భార్య ఒక్క కేక పెట్టింది. అటువైపు నుంచి ఓ బస్సు రయ్యిమంటూ దూసుకుపోయింది. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా కారులో మాటల్లేవు.

‘ఏవండీ, రాత్రిపూట ఇక నేను కారెక్కను. మీరూ ఎక్కొద్దు’ అందావిడ మర్నాడు పొద్దున్నే. విషయం పిల్లలకు చేరింది. కారు అమ్మేయమన్నారు. ఇంటి ముందు కారుంటే ఎవరినీ బతిమాలకుండా, బస్సు వేళలు చూసుకోకుండా మనవరాలి దగ్గరికి వెళ్లొచ్చు. మాస్టారికి అదే కావాలి. పిల్లలకేమో ఆయన క్షేమంగా ఉండాలి. రెండూ న్యాయమే.

చివరికి హైదరాబాద్‌లో ఉండే కొడుకే ఓ మధ్యేమార్గం తెచ్చాడు. పాత అద్దం మీదే రబ్బరు పట్టీలతో బిగించుకునే తెర అది. వెనక నంబర్‌ప్లేటు దగ్గర చిన్న కెమెరా, ముందు అద్దంలో దాని బొమ్మ. వెనక సీట్లో మనుషులున్నా, సామాన్లు నిండినా అడ్డురావు. ‘చూడు నాన్నా, రోడ్డంతా ఎంత వెడల్పుగా కనిపిస్తోందో!’ అన్నాడు. మాస్టారు చూశారు. గడ్డం పైకెత్తి మళ్లీ చూశారు. బొమ్మ అలికేసినట్టుంది!

లోపం తెరది కాదు. కొడుక్కి ఆ మాట అర్థం కావడానికి మాస్టారు పాత పాఠమే ఎత్తుకోవాల్సి వచ్చింది. సమతల దర్పణంలో వస్తువు దూరం ఎంతో ప్రతిబింబం దూరమూ అంతే. వంద అడుగుల వెనకున్న లారీ అద్దంలోనూ దూరంగానే ఉంటుంది, కన్ను దూరపు చూపుతోనే దాన్ని పట్టేస్తుంది. తెర మీది బొమ్మ అలా కాదు, అది జానాబెత్తెడు పైమాట దూరంలో ఉన్న పుస్తకం లాంటిది. రోడ్డు మీంచి చూపు తిప్పి దాన్ని చూడాలంటే కన్ను దగ్గరి చూపుకు మారాలి. వయసు మళ్లిన కళ్లకు అదే కష్టం. మాస్టారి కళ్లజోడులో దగ్గరి చూపు గాజు కింది భాగంలో ఉంది, తెరేమో పైన! కుర్రాళ్లకు, సామాన్లతో నిండిన వ్యాన్లకు ఆ తెర నిక్షేపంగా పనికొస్తుంది. అరవై దాటినవాళ్లు మాత్రం కొనేముందు ఓసారి డ్రైవరు సీట్లో కూర్చుని చూసుకోవాలి. దుకాణాల్లో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అద్దం కథ ఎప్పుడూ ఇంతే, అవసరం ఒకరిది, పేరు మరొకరిది. 1909లో డొరొతీ లెవిట్ అనే బ్రిటిష్ మహిళ, కారు నడిపే ఆడవాళ్లు చేతి అద్దం దగ్గరుంచుకుంటే వెనక చూసుకోవచ్చని పుస్తకంలో రాసింది. 1911లో ఇండియానాపొలిస్ 500 రేసును కారుకు అద్దం బిగించుకుని గెలిచిన రే హారున్‌నే లోకం గుర్తుపెట్టుకుంది. అంతకుముందు రేసు కార్లలో వెనక చూసి చెప్పడానికి పక్కన మెకానిక్ కూర్చునేవాడు. ఉయ్యూరు దగ్గర మాస్టారి భార్య చేసింది ఆ పనే.

మాస్టారు కావాలనుకున్నది తనంతట తనే నల్లబడే అద్దం. అమెరికాలో జెన్‌టెక్స్ కంపెనీ 1987లో తెచ్చిన రకమది. రెండు గాజు పలకల మధ్య జెల్ లాంటి రసాయనం ఉంటుంది. అద్దానికి రెండు కళ్లు. ఒకటి ముందుకు చూసి బయట చీకటా వెలుతురా కనిపెడుతుంది, రెండోది వెనక హెడ్‌లైట్లను గమనిస్తుంది. బయట చీకటిగా ఉండి వెనక నుంచి వెలుగు కొడితే రసాయనానికి కొద్దిపాటి కరెంటు అందుతుంది, అద్దం నల్లబడుతుంది. వెలుగు పోతే మళ్లీ మామూలే. ఇది అద్దమే కాబట్టి ప్రతిబింబం దూరం మారదు.

అది విజయవాడ ఆటోనగర్‌లో, తుక్కుకు వచ్చిన ఓ పెద్ద కారు నుంచి దొరికింది. ఇలాంటివి కొనేటప్పుడు అంచుల్లో మరకలు, బుడగలు ఉన్నాయేమో చూడాలి. ఉంటే లోపలి రసాయనం కారుతున్నట్టే. మాస్టారు బ్యాటరీకి తగిలించి చూశాకే డబ్బులిచ్చారు. ముందు కన్ను వేలితో మూసి, వెనక కన్ను మీద టార్చి వేస్తే క్షణాల్లో నల్లబడింది.

బిగించడమే పెద్ద పని. మారుతి 800లో పాత అద్దం పైకప్పుకు స్క్రూలతో ఉంటుంది. కొత్తదేమో ముందు గాజుకు అంటించిన ఇనుప బొత్తానికి తగులుకుంటుంది. ఆటో ఎలక్ట్రీషియన్ గాజు బయటివైపు మార్కరుతో చుక్క పెట్టి, లోపల శుభ్రంగా తుడిచి, అద్దాలకు వాడే జిగురుతో బొత్తాం అంటించాడు. ‘ఇవాళ దీనికి బరువు పెట్టొద్దు మాస్టారూ’ అన్నాడు. ఈ అద్దం మామూలుదాని కన్నా బరువు, తొందరపడితే ఊడి ఒళ్లో పడుతుంది. మర్నాడు వైర్లు. తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరును మీటరుతో వెతికి, మధ్యలో చిన్న ఫ్యూజు వేసి దానికి కలిపాడు. ఎప్పుడూ కరెంటుండే వైరుకు కలిపితే నిలిపి ఉంచిన కారులో బ్యాటరీ దిగిపోతుంది. రెండోది ఎర్త్. మూడోది రివర్స్ లైటుకు, కారు వెనక్కి తీసేటప్పుడు అద్దం నల్లబడకుండా. ఈ కారులో ఎయిర్‌బ్యాగుల్లేవు కాబట్టి పక్క స్తంభం వెంట వైరు లాగడం సులువైంది. కొత్త కార్లలో అక్కడ ఎయిర్‌బ్యాగు ఉండొచ్చు, తెలిసినవాళ్లే చేయాలి.

అంతా అయ్యాక అద్దం పట్టపగలే నల్లబడింది. కారణం వేంకటేశ్వరస్వామి స్టిక్కరు! సరిగ్గా ముందు కన్నుకు ఎదురుగా ఉంది. బయటంతా చీకటే అనుకుంది అద్దం. స్వామివారిని డ్యాష్‌బోర్డు మీదికి మార్చారు. ఆ చేత్తోనే ఎడమవైపు తలుపుకు మామూలు అద్దం కూడా బిగింపించుకున్నారు మాస్టారు. అసలు ఆ పని ఎప్పుడో చేయాల్సింది.

మొదటిసారి చీకట్లో ఊరి శివారు దాకా వెళ్లొచ్చారు. ఈసారి భార్య పక్కన కూర్చుంది. వెనక లారీ లైట్లు అద్దంలో నీలిగా మెత్తబడ్డాయి. ఎదురొచ్చే బండ్ల వెలుగుకు మాత్రం మాస్టారు కళ్లు చికిలించుకున్నారు. ఆవిడ చూసింది. ‘వెనక వాటికి సరే, ముందు వాటికేం బిగిస్తారు?’ అంది.

ఆ వారమే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. కుడికంట్లో శుక్లం మొదలైందన్నారు. అందుకే లైట్ల చుట్టూ వెలుగు చెదిరి కనిపిస్తోందట. ఆపరేషన్ సంక్రాంతి తర్వాత. అప్పటిదాకా మనవరాలి దగ్గర్నుంచి మధ్యాహ్నం నాలుగింటికే బయల్దేరాలని ఇంట్లో ఒప్పందం. కారు అమ్మకం మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.