వేలు పెట్టి చూడ్డం

ఇండోర్ మొక్కల గురించి ఏది చదివినా చివరికి ఒక టైమ్‌టేబుల్ చేతిలో పెడతారు. మనీప్లాంట్‌కి వారానికోసారి, స్నేక్ ప్లాంట్‌కి పదిహేను రోజులకోసారి. మా మార్కాపురంలో నీళ్ళకే వేరే టైమ్‌టేబుల్ ఉంది. కుళాయి వచ్చే రోజు, ట్యాంకర్ వచ్చే రోజు. బట్టలుతకడం, ఇల్లు కడగడం అన్నీ దాన్నిబట్టే. మొక్కల వంతు ఆ తర్వాతే.

1996లో వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగేనాటికి, పలకలకి పేరున్న ఈ ఊళ్ళో నేను పలక పట్టుకునే వయసువాణ్ణి. శ్రీశైలం జలాశయం నుంచి నీళ్ళు తేవడానికి కొండ కింద ఒక్కోటి పంతొమ్మిది కిలోమీటర్ల దాకా రెండు సొరంగాలు తవ్వారు. మా ఇంటి డ్రమ్ము మాత్రం ఇంకా ట్యాంకర్ కోసమే చూస్తుంటుంది.

ఇలాంటి ఇంట్లో పద్నాలుగు కుండీలు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నేనుండేది బెంగళూరులో. సెన్సర్, చిన్న మోటారు, ఫోన్లో యాప్, అన్నీ నేనే బిగిస్తానన్నాను. "బాగానే ఉందిగానీ, ఆ మోటారు తొట్లోకి నీళ్ళెవరు మోసిపోయాల్రా?" అంది.

మోత తగ్గాలంటే పోయడం తగ్గాలి. అది మొక్కలకీ మంచిదే. వేళ్ళకి నీళ్ళతోపాటు గాలీ కావాలి. మట్టి సందులన్నీ ఎప్పుడూ నీళ్ళతో నిండి ఉంటే గాలి ఆడక వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు, ఆకులు వాడతాయి. అయ్యో, దాహమేమో అని మనం ఇంకో చెంబు పోస్తాం. ఇంట్లో మొక్కలు ఎండిపోయి చచ్చేకంటే ఇలా చావడమే ఎక్కువ.

క్యాలెండర్ ఇక్కడ పనికిరాదు. మే నెల వడగాడ్పుకి కిటికీ పక్క కుండీ రెండ్రోజుల్లో ఆరిపోతుంది, టీవీ వెనకది పది రోజులైనా తడిగానే ఉంటుంది. అందుకే మా ఇంట్లో ఇప్పుడు నీళ్ళు పోసే రోజంటూ లేదు, చూసే రోజులున్నాయి. ఆదివారం, బుధవారం. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టాలి. తడి తగిలితే వదిలెయ్యాలి. పొడిగా ఉంటే అడుగు బెజ్జంలోంచి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచింది పారబోయాలి. చిన్న కుండీ అయితే వేలు కూడా అక్కర్లేదు, ఎత్తితే బరువే చెప్తుంది. స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ లాంటివి ఆకుల్లోనో దుంపల్లోనో నీళ్ళు దాచుకుంటాయి కాబట్టి ఇంకా ఆగగలవు. అలా ఆగలేనివి ఐదు కుండీలు పక్కింటివాళ్ళ పెరట్లోకి వెళ్ళాయి.

ఇంత చేసినా స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడుతూనే వచ్చాయి. అది దాహం కాదు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్ళలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. చుట్టుపక్కల పల్లెల్లో గారపళ్ళు చూస్తే ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఈ ఫ్లోరైడ్‌కి తట్టుకోలేవు. నీళ్ళతోపాటు ఎక్కి ఆకు చివర పేరుకుంటుంది. రాత్రంతా బిందెలో నిలవబెట్టినా పోదు. ఫిల్టర్ వదిలేసే నీళ్ళలో ఇంకా చిక్కగా ఉంటుంది. బోరు నీళ్ళతో బియ్యం కడిగితే ఆ కడుగులోనూ అదే. మనుషులం క్యాన్ నీళ్ళు కొనుక్కుని తప్పించుకుంటున్నాం. కుండీలక్కూడా కొనాలంటే అయ్యే పని కాదు.

ఏసీ గొట్టం కింద ఒక బకెట్ పెట్టాం. గాల్లో తేమ చల్లబడి కారే నీళ్ళు కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. ఉక్కపోత రోజుల్లో బాగా వస్తాయి, వడగాడ్పుల్లో తక్కువ. వానొస్తే డాబా గొట్టం కింద ఇంకో డ్రమ్ము. ఆ రెండూ స్పైడర్ ప్లాంట్‌కీ డ్రసీనాకీ మాత్రమే. మిగతావాటికి బోరు నీళ్ళే.

ఇప్పుడు బకెట్ మోసే పని లేదు, ఒక మగ్గు చాలు. ఫోన్ చేస్తే మొక్కలెలా ఉన్నాయని అడగను, ఏ కుండీ తేలిగ్గా ఉందో ఆవిడే చెప్తుంది. స్పైడర్ ప్లాంట్‌కి కొత్తగా వచ్చిన ఆకులు కొసల దాకా పచ్చగా ఉన్నాయట. పాత ఆకుల మాడిన కొసలు కత్తిరించెయ్యమన్నాను. "ఉండనీలేరా, మన నీళ్ళెట్టాంటియ్యో గుర్తుంటది" అంది.