గెడ్డలో తడిసిన కెమెరా... విప్పాలా, వద్దా?

సాలూరు దాటి ఒడిశా వైపు సాగే 26వ నంబరు జాతీయ రహదారిలో పాచిపెంట మండలం రాగానే కొండలు దగ్గరైపోతాయి. పి.కోనవలస ఘాట్ మలుపులు, పెద్దగెడ్డ జలాశయం, వానాకాలంలో కొండలమీద వాలే మబ్బులు... కెమెరా ఉంటే చెయ్యి ఊరుకోదు. చిక్కల్లా అది నీళ్లలో జారిపడితేనే!

పనిచేస్తోందో లేదో చూద్దామని వెంటనే స్విచ్చి నొక్కకూడదు. తడిమీద కరెంటు పారితే సర్క్యూట్ పాడవుతుంది. ముందు బ్యాటరీ, మెమరీ కార్డు తీసేయాలి. కెమెరా పోయినా, కార్డు బాగా ఆరితే ఫొటోలు చాలావరకు దక్కుతాయి. కెమెరాని సిలికా జెల్ పొట్లాలతో మూతడబ్బాలో రెండుమూడు రోజులు ఉంచాలి. బియ్యంలో పెడితే దుమ్ము లోపలికి చేరే ప్రమాదముంది.

మరి స్క్రూడ్రైవర్ సంగతి? సాలూరు లారీలకు పేరున్న ఊరు. లారీ ఇంజిన్ విప్పి బిగించే ధీమా కెమెరా దగ్గర పనికిరాదు. ఫ్లాష్ కెపాసిటర్ బ్యాటరీ తీశాక కూడా దాదాపు 300 వోల్టులు దాచుకోగలదు. ముట్టుకుంటే షాకే! కాగితమంత పల్చటి రిబ్బన్ కేబుల్ తెగితే ఇంట్లో అతికేది కాదు.

బ్యాటరీ కొసలు తుడవడం, లెన్స్ అంచున చేరిన ఇసుకను బ్లోయరుతో ఊదడం... ఇంటిపనికి ఇదే హద్దు. వారంటీ ఉంటే విప్పనే వద్దు. లేదంటే రిపేరు ఖర్చునూ, అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రిపేరు సమాచారం ఒకేచోట దొరికేలా కేంద్రం 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది.

పెద్దగెడ్డకు మళ్లీ వెళ్లొచ్చు. పిల్లల ఆ వయసు ఫొటోలు మళ్లీ రావు. అందుకే ముందు కార్డు... తర్వాతే కెమెరా!