పాముపిల్లల పెరుగుదల

గరికపాటిలో పామును పెంచుదమని యెవరైన ననినచో, వినువారు ముందు నవ్వుదురు, పిమ్మట కఱ్ఱకై వెదకుదురు. అది మా యూరివారి తప్పు కాదు. ప్రత్తిచేలు, మిరపతోటలు, మాగాణిగట్లు గల యీ మెరకసీమలో పామన్నమాట వెంట వచ్చునది భయమే. అయినను రెండేండ్లనుండి మా యింట నొక పాముపిల్ల యెంత పెరిగినదను ముచ్చట లేని వారము లేదు. ఆ పిల్ల యున్నది యిచ్చట గాదు. అమెరికా దేశమున, ఉత్తర కరోలినా రాష్ట్రములో, మా మేనల్లుని యింట. వాడు ప్రతి శనివారమును దానిని తూచి, "మామయ్యా, ఈ వారము మూడు గ్రాములు" అని ఫోనులో మాకు తెలుపుచుండును. వాని తల్లి మాత్రము ఆ గదిలో అడుగు పెట్టదు.

దానిని ఆ దేశస్థులు మొక్కజొన్నపామందురు. మొక్కజొన్న నిలువచేయు కొట్లలో ఎలుకలకై తిరుగుటచేత ఆ పేరు వచ్చెనని కొందఱును, పొట్టక్రింది గళ్ళు రంగుల మొక్కజొన్న గింజలను పోలియుండుటచేత వచ్చెనని కొందఱును చెప్పుదురు. 1766లో లిన్నేయసు అను స్వీడను దేశపు పండితుడు దీనికి శాస్త్రనామ మొసగెను. ఇది విషము లేనిది. ఎలుకను పట్టి, చుట్టలు బిగించి, రక్తప్రసరణము నిలిచిపోవునట్లు చేసి, తలవైపునుండి మ్రింగును.

గ్రుడ్డు పొదుగుటకు సుమారు రెండు నెలలు పట్టును. వెలువడిన పిల్ల అడుగు పొడవు. బరువు ఏడెనిమిది గ్రాములు, అనగా ఒక్కరూపాయి బిళ్ళలు రెండు చేతిలో నుంచుకొన్నంత. మొదటి వారము పదిదినములు అది యేమియు తినదు. తొలి కుబుసము విడిచిన పిదపనే ఆకలి పుట్టును. అటుపిమ్మట ఐదారు దినముల కొకసారి, వెండ్రుకలు మొలవని పసి చుంచుపిల్ల నొక దానిని పెట్టవలెను. మేత పాము నడుము లావునకు మించి అర రెట్టుకన్న నెక్కువ ఉండరాదు. తిన్న తరువాత రెండుదినములు చేతబట్టరాదు, పట్టినచో క్రక్కివేయును. ఈ విధముగ నడచిన యెడల ఏడాది తిరుగునప్పటికి రెండు మూడడుగులగును. రెండు మూడేండ్లలో గ్రుడ్లు పెట్టు వయస్సు వచ్చును. అప్పటినుండి యెదుగుదల మందగించునుగాని పూర్తిగా నిలువదు. పెద్దది మూడడుగులు మొదలు ఐదడుగులవరకు నుండును. చక్కగ చూచుకొన్నచో ఇరువదియేండ్లకు పైబడి బ్రదుకును.

మా మేనల్లునికి తొందర యెక్కువ. త్వరగ పెరుగునని ఒక మాసము మూడుదినముల కొకటి చొప్పున మేపెను. బరువు పెరిగినది, నిజమే. కాని రెండుమార్లు తిన్నది క్రక్కి, పిదప మూడువారములు నోరు మూసికొని కూర్చుండెను. మన యిండ్లలో అమ్మమ్మలు "ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద" అని బిడ్డను వెంబడింతురు గదా! పాము విషయమున ఆ ముద్దుమాటలు సాగవు. మితిమీరి మేపిన పాము క్రొవ్వుపట్టి ఆయువు కోల్పోవును.

మేతకన్న ముఖ్యమైనది వేడిమి. పాము తన ఒడలిలో తాను వేడి పుట్టించుకొనజాలదు. ఎలుకను మ్రింగినను, అది అరుగుటకు వెచ్చదనము బయటినుండియే రావలెను. అందుచేత పెట్టెలో ఒకవైపు 28 మొదలు 30 డిగ్రీల సెంటీగ్రేడును, రెండవవైపు 24 డిగ్రీలకు సమీపమునను ఉండునట్లు అమర్చుదురు. ఎచట నుండవలెనో పామే నిర్ణయించుకొనును. నీళ్ళగిన్నె, దాగుటకు చీకటిచోటు, వ్రేలు దూరని మూత, ఇవి తప్పనిసరి. కన్నులు నీలివర్ణముగ మసకబారినచో కుబుసము విడువబోవుచున్నదని గ్రహించి, మేత పెట్టక ఊరకుండవలెను. పిల్లపాము నెలకో నెలన్నరకో ఒకసారి చర్మము మార్చును. పెద్దది అంత తఱచుగ మార్చదు.

ఈ సంగతులు తరగతిలో చెప్పినపుడు పిల్లలు వెంటనే అడిగినది: "అయ్యగారూ, మనము జెర్రిపోతుపిల్లను పెంచకూడదా?" ప్రశ్న సహేతుకమైనదే. పొలములలో ఎలుకలను వెదకి తిను విషరహితసర్పములలో మనకు మొక్కజొన్నపాముతో పోల్చదగినది అదియే. గ్రుడ్డు వెడలిన పిల్ల అడుగు పైచిలుకు. పెరిగినచో ఐదారడుగులు, అంతకు మించినవియు కలవు. పసితనమున కప్పలు, బల్లులు. పెద్దదైన పిదప ఎలుకలు, పందికొక్కు పిల్లలు. అది చుట్టలు బిగింపదు. ఎరను నేలకు అదిమి మ్రింగును. అయితే 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దానిని పట్టుటయు, పెంచుటయు, చంపుటయు నేరములు. చట్ట మటుండనిచ్చినను, ఐదడుగులు పొడవై, మెఱుపువలె పరుగిడు జీవమునకు పెట్టె యేపాటి?

ఆవు కాళ్ళకు చుట్టుకొని పాలు త్రాగునని మా ప్రక్కవారు నేటికిని నమ్ముదురు. పీల్చుటకు తగిన పెదవులు పామునకు లేవు. లోనికి వంగిన సూదిపండ్లతో పొదుగు పట్టినచో ఆవు సహించునా? నాగుబాముతో జతకట్టునన్న మాటయు అట్టిదే. వేల జెర్రిపోతులు చర్మముల కొఱకై చచ్చినవి; 1976లో పాముతోళ్ళ యెగుమతి నిషేధింపబడెను. కఱ్ఱదెబ్బలకు మాత్రము నిషేధము అంటలేదు.

ఇచ్చట మేనల్లుని తూకముల లెక్క మాకు మరల పనికి వచ్చినది. ఎలుక చూలు మూడు వారములు. పుట్టిన పిల్ల రెండు మూడు నెలలకే తల్లి యగును. గట్టుమీది జెర్రిపోతు అంతటిది కావలెనన్న కొన్ని యేండ్లు పట్టును; ఒక్క నిమిషమున దానిని చంపిన రైతు, ఆ యేండ్లన్నియు ఎలుకలకు వదలిపెట్టినవాడగుచున్నాడు. మా గరికపాటిలో కృషి విజ్ఞాన కేంద్రము కలదు. పురుగుమందు గూర్చియు, తెగులు గూర్చియు విచారించు రైతు ఈ పద్దును మాత్రము వ్రాసికొనడు.

అయినను భయము వట్టిది కాదు. 2000 మొదలు 2019 వరకు పాముకాటుచేత మన దేశమున ఏటేట సగటున 58 వేలమంది మృతినొందిరని పరిశోధకుల అంచనా. 2024 సెప్టెంబరు ఆరంభమున పాలేరు పొంగి, గరికపాడు వంతెనవద్ద బాట దెబ్బతిని, హైదరాబాదు విజయవాడల నడుమ రాకపోకలు నిలిచినపుడు, బొరియలు మునిగిన పాములు మెట్టను వెదకుకొనుచు ఇండ్లలోనికి వచ్చినవి. వరదలో వచ్చినది జెర్రిపోతుపిల్లయో కట్లపాముపిల్లయో దివిటీ వెలుతురున తేల్చుట పెద్దలకే కష్టము. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను పేరు మన బంగారము అను మాటనుండియే పుట్టినది. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెలు 1796లో ప్రకటించిన గ్రంథమున మన తెలుగు పేర్లను వ్రాసికొనెను. పేరు ముద్దుగ నున్నను, నేల పండుకొన్నవారిని నిద్రలో కఱచునది అదియే. కనుక ఎంత చిన్నపిల్లనైనను చేత ముట్టరాదు. దోమతెరను పక్కక్రింద దోపుకొనవలెను. కాటు పడినచో కోయుట, పీల్చుట, గట్టిగ కట్టుట మాని, కాలుచేతులు కదపక ఆసుపత్రికి చేరవలెను. విషమునకు విరుగుడు మందు అచ్చట గలదు. వేరులోను మంత్రములోను లేదు.

మా పిల్లలు పాము నడుగుట మానిరిగాని కొలతలు మానలేదు. చెఱువుకట్ట దాపున, పుట్టప్రక్క తుప్పలు నరుకకుండ పొలము యజమాని నొప్పించిరి. మొన్న సంక్రాంతి సెలవులలో అచ్చట నొక కుబుసము దొరకినది. తాడుతో కొలువగా ఐదడుగుల తొమ్మిదంగుళములు. విడుచునపుడు చర్మము సాగును గనుక, పాము అంతకన్న కొంత పొట్టిగనే యుండును.