దిగితే పరుగే!

పరుగు, సైకిలు, మళ్లీ పరుగు... డ్యుయథ్లాన్ అంటే అదే. నగరిలో మరమగ్గం నడిపే ఓ తండ్రి, పోటీకి సిద్ధమవుతున్న పదమూడేళ్ల కొడుక్కి బూటుని బిగించి పట్టే క్లిప్ పెడళ్లు కొనాలనుకున్నాడు. 1985లో బెర్నార్డ్ ఇనో టూర్ డి ఫ్రాన్స్ గెలిచింది ఆ రకంతోనే! కానీ వాటికి వేరే బూట్లు కావాలి. ఎక్కేముందు ఓసారి, దిగాక ఓసారి మార్చుకోవాలి.

కొడుకు బడి బూట్లతో అలా మార్చి చూశాడు. లేసుల దగ్గరే ఆలస్యమైంది. ఈసారి మామూలు పెడళ్లకే పట్టీలు బిగించి, పరుగు బూట్లతోనే ఎక్కాడు, దిగాడు, పరిగెత్తాడు. తండ్రి వాచీ చూసుకున్నాడు. తేడా తెలిసిపోయింది.

దూరం ఎక్కువైతే క్లిప్ పెడళ్ల పట్టు కలిసొస్తుంది. పిల్లల పోటీల్లో తొక్కేది కాసేపే.

'ఇవి చాల్లే నాయనా, ఆ దుడ్డుతో మగ్గం మోటారు బాగు చేయించు' అన్నాడు కొడుకు.

తండ్రి మారు మాట్లాడలేదు. వంగి, పట్టీ ఇంకాస్త బిగించాడు.